రైళ్లు ఆగకుండా పాత స్టేషన్ బాగుచేయడం: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో పాత రైల్వే కట్టడాల మరమ్మతు పనులు చూసే ఇంజనీరుని నేను. ఎగ్మోర్ స్టేషన్ చుట్టూ కట్టిన రేకుల్ని చూసినప్పుడల్లా నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చే మా చుట్టాలూ, పెరంబూరులో మా పక్కింటివాళ్లూ అవే మాటలు అంటుంటారు. 1908లో తెరిచిన ఆ స్టేషన్‌ పునరభివృద్ధికి 2022 మేలో శంకుస్థాపన జరిగింది. ఖర్చు సుమారు 735 కోట్ల రూపాయలు. అంత డబ్బు పెట్టి చేస్తున్న పని గురించి జనం అడగడం న్యాయమే. నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను.

అపోహ: ఒక ఏడాది స్టేషన్ మూసేస్తే పని చకచకా అయిపోతుంది.

చెన్నై సెంట్రల్‌ స్టేషన్లో పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. ఎగ్మోర్ అలా కాదు, చెన్నై బీచ్ స్టేషన్ నుంచి తాంబరం వెళ్లే లోకల్ రైళ్లు దాని గుండానే పోతాయి. కాకినాడ నుంచి వచ్చే సర్కార్ ఎక్స్‌ప్రెస్‌కీ అదే దారి. స్టేషన్ మూస్తే ఊరి మధ్యలో లైను తెగిపోతుంది. అందుకే ప్లాట్‌ఫాంలని విడతలుగా మూస్తారు, కొన్ని రైళ్లని తాత్కాలికంగా తాంబరం నుంచో బీచ్ నుంచో నడుపుతారు. పెట్టెలు, పిల్లలతో అంత దూరం వెళ్లాల్సి రావడం నిజంగా ఇబ్బందే.

అపోహ: రాత్రంతా ఖాళీయే కదా, పని ఎందుకు సాగదు?

ప్లాట్‌ఫాం పైకప్పు మార్చాలన్నా, ఫుట్ ఓవర్ బ్రిడ్జి గర్డర్ ఎక్కించాలన్నా కింద రైలు రాకూడదు, పైన తీగల్లో కరెంటు ఉండకూడదు. ఆ తీగల్లో ఉండేది 25,000 వోల్టులు. కరెంటున్న తీగకి 2 మీటర్ల లోపు ఎవరూ పని చేయకూడదు. రైళ్లూ కరెంటూ ఆపి మాకు లైను అప్పగించే సమయాన్ని బ్లాక్ అంటాం.

కరెంటు ఆపినంత మాత్రాన తీగ ముట్టుకోడానికి లేదు. పక్క లైన్లో కరెంటు నడుస్తుంటే దాని ప్రభావం వల్ల ఆపేసిన తీగలోనూ వోల్టేజి పుడుతుంది. అందుకని పనిచోటుకి రెండు వైపులా తీగని ఎర్త్ చేయాలి, అంటే రాడ్లతో నేలకి కలపాలి. పర్మిట్ కాగితం చేతికొచ్చాకే మనిషి పరంజా ఎక్కాలి. పనయ్యాక మనుషుల్ని లెక్కపెట్టి, సామాను తప్పించి, ఎర్త్ రాడ్లు తీసి, కాగితం తిరిగిచ్చేయాలి. మూడు గంటల బ్లాక్ దొరికినా ముందూ వెనకా ఇవన్నీ పోగా అసలు పనికి మిగిలేది చాలా తక్కువ. తెల్లారేసరికి దక్షిణ జిల్లాల ఎక్స్‌ప్రెస్‌లు వరుసపెట్టి వచ్చేస్తాయి. ఆ వేళకి ముగించలేమని అనిపించిన పనిని ఆ రాత్రి మొదలుపెట్టం. బయటివాళ్లు దాన్ని బద్ధకం అనుకుంటారు. నా ఉద్దేశంలో సైట్ ఇంజనీరు తీసుకునే మంచి నిర్ణయాల్లో అదొకటి.

పైగా దీపావళికీ, పొంగల్‌కీ, వేసవి సెలవులకీ రద్దీ వల్ల బ్లాకులు దొరకడమే కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. మిగిలిన నెలల్లోనే సున్నం పని, పైకప్పు పని అన్నీ సర్దుకోవాలి.

అపోహ: పాత గోడకి సిమెంటు పూస్తే గట్టిపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన నమ్మకం ఇదే. దక్షిణాదిలో ఆ కాలం కట్టడాలకి వాడింది డంగు సున్నం. సున్నం, ఇసుక గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. ఆ గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఎండకి నూలు చొక్కాలా మళ్లీ ఆరిపోతుంది. ఇటుకల సందుల్లో సిమెంటు కూరితే చెమ్మకి ఆ దారి మూసుకుపోయి, ఇటుకలోంచే బయటికి రావాల్సి వస్తుంది. చెన్నైది సముద్రపు గాలి, అందులో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు ఇటుక పైపొరలో గడ్డకట్టి, పెచ్చుల్ని బయటికి నెడుతుంది. చివరికి సిమెంటు గీతలు చెక్కుచెదరకుండా నిలబడి, వాటి మధ్య ఇటుకలు గుంటలు పడతాయి. అలాంటి గోడలు ఈ ఊళ్లో ఎన్ని చూశానో!

దీనికి మందు ఓపిక. పాత సిమెంటుని గ్రైండర్‌తో కోస్తే ఇటుక అంచులు పోతాయి కాబట్టి ఉలితో చేత్తోనే తీయాలి. తర్వాత ఇటుక కంటే మెత్తగా ఉండే సున్నం నింపి, తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ గట్టిపడుతుంది, దానికి వారాలూ నెలలూ పడతాయి. ఈ పని చేతికి వచ్చిన మేస్త్రీలు చాలా తక్కువమంది మిగిలారు. ఒక్కరు దొరికినా పక్కన ఇద్దరు కుర్రాళ్లని పెట్టి నేర్పించాలని నేను ప్రతి సైట్లోనూ పోరుతుంటాను.

ఎర్రిటుక మీద ప్లాస్టిక్ పెయింటు వేసినా ఇదే గతి. ఇసుక చిమ్మి కడిగితే ఇటుక కాల్చినప్పుడు ఏర్పడిన గట్టి పైపొరే పోతుంది.

అపోహ: రైళ్ల అదురుకి పాత భవనం కూలిపోతుంది.

స్టేషన్లోకి వచ్చే రైలు నెమ్మదిగా వస్తుంది, దాని అదురు తక్కువే. నాకు భయం కొత్త పునాదుల గురించి. పైల్స్‌ని, అంటే నేలలోకి దింపే పునాది స్తంభాలని, సుత్తితో దిగ్గొడితే ఆ దెబ్బ పాత గోడకి తగులుతుంది. అందుకే పక్కన పాత కట్టడం ఉన్నప్పుడు నేల తొలిచి కాంక్రీటు పోసే పైల్స్ వాడాలి. గోడలకి అదురు కొలిచే సెన్సర్లు పెడతాం. పాత పగుళ్ల మీద చిన్న గాజు ముక్క అతికిస్తాం. పగులు కదిలిందంటే గాజు విరుగుతుంది, వెంటనే పని ఆపి చూస్తాం.

అపోహ: ప్లాట్‌ఫాం మీద కొత్త గ్రానైట్ పరవడానికి ఏముంది?

బ్రాడ్‌గేజ్‌లో ఎత్తు ప్లాట్‌ఫాం పట్టా పైనుంచి 760 - 840 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. పట్టాల మధ్యగీత నుంచి అంచు దూరం 1670 - 1680 మిల్లీమీటర్లు, అంటే సెంటీమీటరు వెసులుబాటు. పాత బండల మీదే కొత్తవి పరిస్తే ఎత్తు లెక్క తప్పవచ్చు. పాతవి తవ్వి తీయక తప్పదు.

అపోహ: వారసత్వ కట్టడాన్ని ముట్టుకోకూడదు, లేదా కొత్తది వచ్చాక పాతదాన్ని చూడ్డానికి ఉంచితే చాలు.

హెన్రీ ఇర్విన్ ఎగ్మోర్‌కి రూపకల్పన చేసినప్పుడు అక్కడ నడిచేవి మీటర్‌గేజ్ ఆవిరి బళ్లు. 1931లో బీచ్-తాంబరం మధ్య కరెంటు రైళ్లొచ్చాయి. 2004లో ఆ మార్గంలో మీటర్‌గేజ్ ముగిసింది. ఇన్ని మార్పుల మధ్యా భవనం పనిచేస్తూనే ఉంది.

వాడకుండా వదిలేస్తే ఏమవుతుందో ఇదే ఊళ్లోని రాయపురం చూస్తే తెలుస్తుంది. 1856 నాటి స్టేషన్ అది. సెంట్రల్ పెరిగాక ప్రాముఖ్యం తగ్గి, చాలాకాలం పాడుబడి, చివరికి 2005లో బాగుపడింది. పాత భవనంలో టికెట్ కౌంటరో వెయిటింగ్ హాలో తప్పకుండా నడవాలని నేను పట్టుబట్టేది అందుకే. జనం తిరిగే గదిలో కప్పు కారితే ఆ రోజే ఎవరో ఒకరు వచ్చి చెబుతారు.