సెల్లార్ చుక్కలు, బోరు నీటి మరకలు: కారు రంగుపై అపోహలు - వాస్తవాలు

కార్ల రంగును శుభ్రపరిచి మెరుగుపెట్టే పనిలో హైదరాబాద్‌లో 11 ఏళ్ళుగా ఉన్నాను. మచ్చ పడి పాడైన కార్ల కంటే, ఆ మచ్చను వదిలించబోయి పాడుచేసుకున్న కార్లనే నేను ఎక్కువగా చూస్తున్నాను. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పైస్లాబు నుంచి కారిన తెల్లటి చుక్కలతో ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది, దాన్ని ఇప్పటికే ఎవరైనా రుద్దారా అని.

అపోహ: మొండి మచ్చ పోవాలంటే గట్టిగా రుద్దాలి, లేదా రబ్బింగ్ కాంపౌండ్ పట్టించాలి.

వాస్తవం: కంపెనీ వేసిన రంగు ప్రైమరుతో సహా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). అందులో పైనున్న క్లియర్ కోట్, అంటే రంగు మీది పారదర్శక పొర, 40, 50 మైక్రాన్లు మాత్రమే, తల వెంట్రుక కంటే పలుచన. ఎండ నుంచి కింది రంగును కాపాడేది ఆ పొరే. కాంపౌండ్ మచ్చను కరిగించదు; చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీస్తుంది. అరిగిన పొరను ఏ పాలిష్ కూడా తిరిగి పెంచలేదు. పొర మరీ పలుచబడితే కొన్నేళ్ళ ఎండకు అది తెల్లగా పాలిపోయి, పొట్టులా లేచిపోతుంది. అప్పుడు ఆ భాగానికి మళ్ళీ రంగు వేయించడం తప్ప దారి ఉండదు.

సెల్లార్ చుక్క సంగతి వేరు. స్లాబు పగుళ్ళలో దిగే నీరు సిమెంటులోని సున్నాన్ని మోసుకొస్తుంది. అది ఆరేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. బోరు నీటితో కడిగి ఎండలో ఆరబెట్టిన కారు మీది వలయాలలోనూ ఎక్కువ భాగం ఇలాంటి ఖనిజాలే. తాగునీటిలో కాఠిన్యత, అంటే కరిగి ఉన్న ఇలాంటి ఖనిజాల పాలు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు ఫరవాలేదని మన జాతీయ ప్రమాణం చెబుతుంది. కనుక తాగడానికి పనికొచ్చే నీరు కూడా బానెట్ మీద మరక మిగల్చగలదు.

ఈ సున్నం స్వల్పమైన ఆమ్లానికి కరుగుతుంది. కారును నీడలో చల్లబరిచి, షాంపూతో కడిగిన తర్వాత, తెల్ల వెనిగర్‌ను అంతే కొలత డిస్టిల్డ్ వాటర్‌తో (బ్యాటరీలో పోసే ఖనిజాలు లేని నీళ్ళు, బ్యాటరీ యాసిడ్ కాదు) కలిపి, అందులో తడిపిన టిష్యూను చుక్క మీద పరిచి అయిదు నిమిషాలు ఆరకుండా చూడాలి. సన్నటి బుడగలు వస్తాయి, అంచులు మెత్తబడతాయి. మెత్తబడినంత మేరకే మైక్రోఫైబర్ గుడ్డతో ఎత్తి, పుష్కలంగా నీళ్ళు పోసి, మళ్ళీ అదే చేయాలి. మందమైన చుక్కకు నాలుగు విడతలైనా పడుతుంది, తొందరపడవద్దు. చివరికి వేలికి నునుపుగా తగులుతూ కంటికి మాత్రం వలయం కనిపిస్తే, సున్నపు నీటి క్షారం క్లియర్ కోట్‌ను తినేసిందని అర్థం. అప్పుడైనా రంగు మందం చూపే గేజ్‌తో కొలిచిన తర్వాతే తేలికపాటి పాలిష్ గురించి ఆలోచించాలి.

నిరుడు వేసవిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మెరూన్ రంగు కారు తెచ్చారు. వాచ్‌మన్ పాత్రలు తోమే ఆకుపచ్చ పీచుతో బానెట్ రుద్దాడు. ఆ గీతలు పోవడానికి ఒక షాపులో రెండుసార్లు కాంపౌండ్ పట్టారు. తలుపుల మీద నా గేజ్ 118, 120 మైక్రాన్లు చూపించింది. బానెట్ మధ్యలో 84, అంచున 66. ఆయన ఆ అంకెల వంకే చూస్తూ, "మా అమ్మాయి మొదటి జీతంతో కొనిచ్చిందండీ, నేనే పాడుచేశానా?" అని అడిగారు. తెలియక చేసిన పనికి ఆయనను తప్పుపట్టలేను. కొలవకుండా మిషన్ పెట్టినవారి మీద మాత్రం నాకు కోపం వచ్చింది.

మిగిలిన అపోహలను క్లుప్తంగా చెబుతాను. బాత్రూమ్ యాసిడ్ సున్నాన్ని కరిగిస్తుంది, దాంతోపాటు క్రోమ్‌ను, రంగును కూడా దెబ్బతీస్తుంది. దాన్ని కారు దరిదాపులకు తేవద్దు. టూత్‌పేస్ట్ కూడా అరగదీసే పదార్థమే. సిరామిక్ కోటింగ్ ఉంటే మరకలు పడవన్నది నిజం కాదు. ఆ కోటింగ్ గట్టిదనానికి గుర్తుగా చెప్పే 9హెచ్ అనేది పెన్సిల్ గీత పరీక్షలోని అంకె మాత్రమే, ఆ కోటింగ్ మీద నిలిచిన నీటి బొట్టు ఆరినా వలయం మిగులుతుంది. పక్షి రెట్టను ఆదివారం దాకా ఉంచవద్దు, ఎండకు మెత్తబడిన రంగు దాని కింద ముడుచుకుపోతుంది. తడిగుడ్డ వేసి నానబెట్టి అదే రోజు తీసేయండి. తారుకు తారు రిమూవర్ ఉంది, పెట్రోలుతో రుద్దవద్దు.

ఆ ఉపాధ్యాయుడి కారు పైకప్పు మీద ఎవరూ చేయి పెట్టని చుక్కలు పదిహేను దాకా ఉండగా, అన్నీ వెనిగర్‌తోనే వదిలాయి. బానెట్ మీద మూడు వలయాలు మిగిలాయి. వాటి జోలికి వెళ్ళకుండా మైనం మాత్రం పట్టించి, ఇకపై అక్కడ ఎవరినీ పాలిష్ చేయనివ్వవద్దని చెప్పాను. గుడ్డ కవరు కప్పితే సరిపోతుందా అని ఆయన అడిగారు. సున్నపు నీరు గుడ్డలోంచి దిగుతుంది కనుక చాలదని చెప్పి, పగులు కింద వాలుగా రేకు కట్టించమన్నాను. అసోసియేషన్ వారు వారంలో రేకు కట్టించారు. ఇప్పుడు ఆ నీరు గోడ పక్క కాలువలోకి పోతోంది.