దెయ్యాల ఇంట్లో దర్యాప్తు: కార్నాకీ కథల వెనుక చరిత్ర

దెయ్యం కథకూ డిటెక్టివ్ కథకూ స్వభావరీత్యా పొత్తు కుదరదు. డిటెక్టివ్ కథలో చివరి పుటకల్లా ప్రతి చిక్కుకూ ఒక లౌకికమైన కారణం బయటపడాలి. దెయ్యం కథలో అలాంటి కారణం దొరికిన మరుక్షణమే భయం చచ్చిపోతుంది. ఈ రెండింటినీ ఒకే కథలో ఇమిడ్చి, ఏ ఒక్కదానికీ అన్యాయం జరగకుండా చూసుకున్న కొద్దిమంది ఆంగ్ల రచయితల్లో విలియం హోప్ హాడ్జ్‌సన్ ముఖ్యుడు. ఆయన సృష్టించిన దెయ్యాల డిటెక్టివ్ థామస్ కార్నాకీని షెర్లాక్ హోమ్స్‌కు నకలుగా కొట్టిపారేయడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ తీర్పు సరైనది కాదని గ్రహించాలంటే కార్నాకీ పుట్టిన కాలాన్నీ, ఆయనను పుట్టించిన మనిషి జీవితాన్నీ కలిపి చూడాలి.

దెయ్యాల ఉనికిని శాస్త్రీయంగా తేల్చాలన్న పట్టుదల బ్రిటన్‌లో చదువుకున్నవారిని బలంగా పట్టుకున్న కాలమది. 1882లో లండన్‌లో సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ ఏర్పడింది. కేంబ్రిడ్జ్ తత్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్ దానికి తొలి అధ్యక్షుడు. దెయ్యాలున్నాయని చెప్పుకునే ఇళ్ల గురించి సాక్ష్యాలు సేకరించి, సాక్షులను ప్రశ్నించి, మోసాలను వేరుచేయడం ఆ సంఘం చేపట్టిన పనుల్లో ఒకటి. సాహిత్యంలో ఐరిష్ రచయిత షెరిడాన్ లె ఫాన్యూ 1872 నాటికే డాక్టర్ హెసీలియస్ అనే వైద్యుణ్ణి ఇలాంటి సంఘటనలకు వ్యాఖ్యాతగా నిలబెట్టాడు. 1891లో స్ట్రాండ్ మ్యాగజైన్‌లో హోమ్స్ కథలు మొదలై పాఠకులను ఊపేసిన తరువాత, ప్రతి పత్రికా తనకంటూ ఒక డిటెక్టివ్ కావాలనుకుంది. హెస్కెత్ ప్రిచర్డ్, ఆయన తల్లి కేట్ కలిసి మారుపేర్లతో రాసిన, ‘ఫ్లాక్స్‌మన్ లో’ అనే పరిశోధకుడి కథలు 1898 నుంచి పియర్సన్స్ మ్యాగజైన్‌లో నిజమైన దెయ్యాల ఉదంతాలన్న ముద్రతో వెలువడ్డాయి. అదే రోజుల్లో ఎల్.టి. మీడ్, రాబర్ట్ యూస్టేస్ జంట సృష్టించిన జాన్ బెల్ మాత్రం ఏ ఇంటికి వెళ్లినా దెయ్యం వెనుక ఉన్న యంత్రాన్నో కుట్రనో బయటపెట్టేవాడు. 1908లో ఆల్జెర్నన్ బ్లాక్‌వుడ్ రాసిన, జాన్ సైలెన్స్ అనే వైద్యుడి కథలను ఈవ్లీ నాష్ అనే ప్రచురణకర్త విస్తృతమైన ప్రకటనలతో జనంలోకి తీసుకెళ్లాడు. కార్నాకీ పుస్తకాన్ని తరువాత అచ్చువేసిందీ ఆయనే.

అయితే వీటన్నిటిలోనూ ఒక ఇబ్బంది ఉంది. ఒకటి రెండు కథలు చదివిన పాఠకుడికి మిగిలినవాటి మొగ్గు ముందే తెలిసిపోతుంది: ఫ్లాక్స్‌మన్ వస్తే దెయ్యం నిజం, బెల్ వస్తే దెయ్యం బూటకం. హాడ్జ్‌సన్ మార్చింది సరిగ్గా ఈ స్థితినే.

హాడ్జ్‌సన్ 1877లో ఎసెక్స్‌లో ఒక ఆంగ్లికన్ మతాధికారి ఇంట్లో పుట్టాడు; పన్నెండు మంది సంతానంలో ఆయన రెండోవాడు. బడి నుంచి పారిపోయి, పదమూడేళ్ల వయసులో ఓడ ఎక్కాలని పట్టుబట్టి, చివరకు 1891లో నావికుడిగా అప్రెంటిస్‌షిప్‌లో చేరాడు. మరుసటి ఏడాది తండ్రి చనిపోవడంతో కుటుంబం పేదరికంలో పడింది. ఓడ మీద ఒక పై అధికారి పెట్టిన హింసను తట్టుకోవడానికి ఆయన శరీరాన్ని ఉక్కులా తీర్చిదిద్దుకున్నాడు. కెమెరా పట్టుకుని సముద్రపు తుఫానులనూ మెరుపులనూ ఫోటోలు తీశాడు. 1898లో న్యూజిలాండ్ తీరంలో, సొరచేపలు తిరిగే నీటిలోకి దూకి తోటి నావికుణ్ణి కాపాడినందుకు రాయల్ హ్యూమేన్ సొసైటీ పతకం అందుకున్నాడు. ఒడ్డుకు చేరాక 1899లో బ్లాక్‌బర్న్‌లో వ్యాయామశాల తెరిచాడు.

ఆ ఊళ్లోనే 1902 అక్టోబరులో జరిగిన ఒక సంఘటన కార్నాకీకి మూలాల్లో ఒకటని నా అభిప్రాయం. ఏ సంకెళ్ల నుంచైనా బయటపడగలనని సవాలు విసిరిన ఇంద్రజాలికుడు హ్యారీ హూడీనీ ప్యాలెస్ థియేటర్‌కు వచ్చినప్పుడు, హాడ్జ్‌సన్ తన సొంత సంకెళ్లూ తాళాలూ తెచ్చి వేదిక మీద ఆయనను కదలనివ్వకుండా బిగించాడు. తాళాలను ముందే పాడుచేశారని హూడీనీ అభ్యంతరం చెప్పాడు; చేతులు మొద్దుబారుతున్నాయి, కాసేపు సడలించమని అడిగినా హాడ్జ్‌సన్ ఒప్పుకోలేదు. దాదాపు రెండు గంటల పెనుగులాట తరువాత హూడీనీ చిరిగిన బట్టలతో, రక్తమోడుతున్న చేతులతో బయటపడి, ఇంత క్రూరంగా తనతో ఎవరూ ప్రవర్తించలేదని ప్రేక్షకులతో చెప్పుకున్నాడు. అద్భుతం జరుగుతుందంటే ముందు తాళాన్ని నేనే వేస్తాను అనే ఈ మొండితనం కార్నాకీలో అడుగడుగునా కనిపిస్తుంది.

రాబర్ట్ బార్ సంపాదకత్వంలోని ఐడ్లర్ పత్రికలో 1910లో ఐదు కార్నాకీ కథలు వచ్చాయి. 1912లో మరో పత్రికలో వచ్చిన ఆరో కథతో కలిపి 1913లో పుస్తకమయ్యాయి. అన్నిటికీ చట్రం ఒక్కటే: లండన్‌లోని చెల్సీలో, చేనీ వాక్ వీధిలోని తన ఇంటికి కార్నాకీ నలుగురు మిత్రులను భోజనానికి పిలిచి, భోజనమయ్యాక తన తాజా దర్యాప్తు చెప్పి, వెళ్లిరండని సాగనంపుతాడు. తొలి కథలో, రాత్రిపూట పక్కబట్టలు వాటంతటవే లాగివేయబడి ఒక మూలకు విసిరినట్టు పడి ఉండే గదిని ఆయన ముందుగా మామూలు మోసం అనుకునే పరీక్షిస్తాడు. గోడలూ నేలా వెతికి, కిటికీలకు సీళ్లు వేస్తాడు. అవేవీ చాలవని తేలాకే సుద్దతో వలయం గీసి, బ్యాటరీకి కలిపిన గాజు నాళాలతో తయారైన ఎలక్ట్రిక్ పెంటకిల్ అనే ఐదు కోణాల రక్షణ నక్షత్రాన్ని వెలిగించి దాని మధ్య కూర్చుంటాడు. తీరా ఆ గదిలో తనకు దొరికిన పాత ఉంగరాన్ని వలయంలోకి తానే వెంట తెచ్చుకున్నాడనీ, ఆ రాక్షసశక్తి లోపలికి వచ్చే దారి ఆ ఉంగరమేననీ ఆలస్యంగా గ్రహిస్తాడు. రక్షణ కోసం గీసుకున్న గీత లోపలే ప్రమాదం రూపం కట్టే ఆ ఘట్టాన్ని ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరిస్తుంది.

కనిపించని గుర్రం కథ దీనికన్నా సాహసమైనది. ఒక వంశంలో ఏడు తరాల తరువాత తొలిసంతానంగా పుట్టిన ఆడపిల్లకు పెళ్లి నిశ్చయమయ్యేసరికి, పాత శాపం ప్రకారం ఇంటి చుట్టూ గుర్రపు డెక్కల చప్పుడు మొదలవుతుంది. కార్నాకీ దోషిని పట్టుకుంటాడు. గుర్రపు తల తగిలించుకుని అందరినీ హడలగొడుతున్నది ఆమె మీద ఆశపడిన బంధువే. చిక్కు విడిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకునే వేళకు అసలైన డెక్కల చప్పుడు వినిపిస్తుంది, ఆ బంధువు ప్రాణాలు పోతాయి. 1912 నాటి కథలో మాత్రం ప్రార్థనామందిరంలో తనంతట తానే ఎగిరివచ్చి పొడిచే బాకు వెనుక పాతకాలపు యాంత్రిక అమరిక తప్ప మరేదీ లేదు. ఏ కథ ఏ వైపు తిరుగుతుందో పాఠకుడికి తెలియనివ్వని ఈ పద్ధతిని ఇంత పట్టుగా నడిపినవారు ఆయనకు ముందు నాకు కనిపించరు.

లోపాలు లేవనడం లేదు. మిత్రులు నలుగురూ పేర్లే తప్ప మనుషులు కారు. కల్పిత ప్రాచీన గ్రంథాల నుంచి కార్నాకీ వల్లించే మంత్ర పరిభాష కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తుంది. హాడ్జ్‌సన్ నవలలను ఎంతో మెచ్చుకున్న అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ కూడా కార్నాకీని ఎడ్గర్ అలన్ పో సృష్టించిన డిటెక్టివ్ డ్యుపిన్, హోమ్స్‌ల సంతతికి చెందిన మూసడిటెక్టివ్‌గానే చూశాడు. ఆయన మాటకున్న బరువు వల్ల ఆ తీర్పు అలాగే స్థిరపడిపోయింది.

ఈ లోపాలను సవరించుకోవడానికి హాడ్జ్‌సన్‌కు వ్యవధి దొరకలేదు. 1913లో పెళ్లి చేసుకుని భార్య బెట్టీతో దక్షిణ ఫ్రాన్స్‌లో ఉంటున్న ఆయన, యుద్ధం రాగానే ఇంగ్లండ్ తిరిగివచ్చి ఫిరంగి దళంలో అధికారిగా చేరాడు. 1916లో గుర్రం మీద నుంచి పడి దవడ విరిగి, తలకు దెబ్బ తగిలితే సైన్యం ఇంటికి పంపేసింది. కోలుకుని మళ్లీ చేరి, 1918 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ సమీపాన ఫిరంగి గుండుకు బలయ్యాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు.

తరువాతి కాలంలో ఆయన పేరు మరుగున పడకుండా కాపాడింది హెచ్.సి. కోనిగ్ వంటి అమెరికన్ అభిమానులూ, ఆగస్ట్ డెర్లెత్ నడిపిన ఆర్కమ్ హౌస్ ప్రచురణ సంస్థా. డెర్లెత్ 1940ల చివర తెచ్చిన సంపుటంలో కార్నాకీ కథలు ఆరు నుంచి తొమ్మిదికి పెరిగాయి. కొత్తగా చేరిన వాటిలో పంది రూపంలో వచ్చే దుష్టశక్తి కథ 1947లో గాని వెలుగు చూడకపోవడంతో, దాన్ని డెర్లెత్తే రాసి ఉంటాడని కొందరు అనుమానించారు. అది హాడ్జ్‌సన్ రచనేనని ఇప్పుడు పరిశోధకులు సాధారణంగా అంగీకరిస్తున్నారు. ఈ వాదం నడిచినంతకాలం పక్కనే ఉన్న మరో కథను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. అందులో దెయ్యం ఊసే లేదు. లోకంలో ఒక్క ప్రతే ఉందనుకున్న పుస్తకానికి రెండో ప్రతి ఎలా దొరికిందో కార్నాకీ తేల్చడమే అందులోని కథ.