వగరు వీడే దాకా: అమెరికా అడవి పెర్సిమన్

అమెరికా తూర్పు రాష్ట్రాల అడవి అంచుల్లోనూ, సాగు మానేసిన పొలాల్లోనూ తనంతట తానే మొలిచి పెరిగే పెర్సిమన్, మన తునికి చెట్టుకు దగ్గరి చుట్టం; రెండూ డయాస్పైరాస్ ప్రజాతికి చెందినవే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి డయాస్పైరాస్ వర్జీనియానా అని పేరు పెట్టాడు. మొసలి వీపులా చదరపు పెళ్లలుగా పగిలిన నల్లటి బెరడును బట్టి, ఆకులన్నీ రాలిన చలికాలంలో కూడా ఈ చెట్టును పోల్చుకోవచ్చు.

17వ శతాబ్దం మొదట్లో వర్జీనియాకు వచ్చిన ఇంగ్లండు అన్వేషకుడు జాన్ స్మిత్, ఈ పండు మాగకపోతే నోరు వంకరపోయేంత బాధ పెడుతుందనీ, మాగితే ఆప్రికాట్ అంత రుచిగా ఉంటుందనీ రాశాడు. పచ్చి కాయలో కరిగి ఉన్న, వగరు పుట్టించే టానిన్లు అనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకొని ముద్ద కట్టిస్తాయి కాబట్టి, నాలుక మీది జారుడుతనం పోయి నోరంతా పిండి పూసినట్టు బిగుసుకుపోతుంది. కాయ మాగే కొద్దీ ఆ టానిన్లు మాయం కావు; ఒకదానితో ఒకటి పెనవేసుకొని నీటిలో కరగని పెద్ద అణువులుగా మారిపోతాయి, ఆ తర్వాత వాటి వగరు నాలుకకు అందదు. తొలి మంచు పడ్డాకే పండు తినాలన్న నమ్మకం అక్కడ బలంగా ఉన్నప్పటికీ, దాని మీద ఆధారపడటం సరికాదు. మంచుకు ముందే, సెప్టెంబరులోనే మాగే చెట్లున్నాయి. మంచు తగిలినా వగరు వదలని కాయలూ ఉన్నాయి.

అందుచేత కొమ్మ నుంచి కోయడం కన్నా చెట్టు కింద రాలినవి ఏరుకోవడమే మేలు. మాగిన పండు తోలు పలుచబడి ముడతలు పడుతుంది, అరచేతిలో పెట్టుకుంటే నీళ్ల సంచిలా ఒదుగుతుంది, నాలుగు రేకుల ముచ్చిక వేలు తగలగానే ఊడి వస్తుంది. ముచ్చిక గట్టిగా పట్టుకొని ఉంటే ఆ పండును పక్కన పెట్టాలి, ఎందుకంటే మాగని కాయ ఒక్కటి కలిసినా గుజ్జంతా వగరెక్కుతుంది. పచ్చి కాయలు ఎక్కువగా తింటే టానిన్లు కడుపులో గట్టి ఉండగా పేరుకొనే ప్రమాదం కూడా ఉంది.

పిల్లలను సంచిలో మోసే ఒపోసమ్, నక్క, రకూన్ వంటివి పండ్లు తిని గింజలను దూరదూరాలకు చేరవేస్తాయి. పెంచదలచినవారు గుజ్జు కడిగిన గింజలను ఎండబెట్టకుండా, తడి ఇసుకలో కలిపి రెండు మూడు నెలలు చల్లదనంలో ఉంచితే అవి చక్కగా మొలకెత్తుతాయి. తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది కనుక మొక్కను చిన్నగా ఉన్నప్పుడే శాశ్వత స్థలంలో నాటాలి.

ఈ జాతిలో సాధారణంగా మగ, ఆడ చెట్లు వేరు. పైగా 60 క్రోమోజోములున్న తెగ ఒకటి, 90 ఉన్న తెగ మరొకటి ఉన్నాయి. ఈ రెండింటి మధ్య మొలకెత్తే గింజ ఏర్పడటం అరుదు. గింజ నుంచి వచ్చిన మొక్క మగదో ఆడదో పూత వచ్చే దాకా తెలియదు, అందుకు ఏళ్లు పడుతుంది. కొమ్మ మీద చిన్న గంటల్లాంటి పూలు రెండేసి మూడేసి గుత్తిగా వస్తే అది మగ చెట్టు. కాస్త పెద్ద పువ్వు ఒంటరిగా విచ్చుకుంటే ఆడది. అంతకాలం ఆగలేనివారు, మంచి పండ్లు కాస్తుందని తెలిసిన ఆడ చెట్టు కొమ్మను తెచ్చి అంటు కడతారు.