పయనీరింగ్ నేర్చుకుంటున్న పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ఈసారి స్కౌట్ క్యాంపులో గేటు, కాపలా మంచె మీరే కడుతున్నారని తెలిసి చాలా సంతోషించాను. ఎలా మొదలుపెట్టాలని అడిగారు కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

ఒక్క మేకు కూడా కొట్టకుండా కర్రలతో, తాళ్లతో కట్టడం మనకు కొత్తేమీ కాదు. జొన్నచేలో పిట్టల్ని తోలడానికి వేసే మంచె, మేస్త్రీలు సరుగుడు కర్రలతో కట్టే పరంజా ఇలాంటివే. స్కౌటింగ్‌లో దీన్నే పయనీరింగ్ అంటారు. 1907లో, స్కౌటింగ్‌ను మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొదటి క్యాంపులోనే పిల్లలకు ముడులు నేర్పించారు.

మీరు ముందు స్క్వేర్ లాషింగ్ ఒక్కటి బాగా నేర్చుకోండి. నిలువు కర్ర మీద అడ్డకర్ర పెట్టి కట్టే కట్టు ఇది. అడ్డకర్రకు కాస్త కిందగా, నిలువు కర్రకు క్లోవ్ హిచ్ వేయండి, అంటే తాడును కర్రకు రెండు చుట్లు చుట్టి, రెండో చుట్టు కింద నుంచి కొసను దూర్చి బిగించే ముడి. తాడును అడ్డకర్ర ముందు నుంచి పైకి తెచ్చి, నిలువు కర్ర వెనక నుంచి తిప్పి, మళ్లీ అడ్డకర్ర ముందు నుంచి కిందికి దించి, నిలువు కర్ర వెనకగా మొదలుపెట్టిన చోటికి తీసుకురండి. ఇలా మూడు చుట్లు. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే పడాలి. తర్వాత రెండు కర్రల మధ్య నుంచి, ఆ చుట్ల మీదుగా, రెండు మూడుసార్లు తిప్పి బలంగా లాగండి. దీన్ని ఫ్రాపింగ్ అంటారు. చివర అడ్డకర్రకు క్లోవ్ హిచ్ వేసి ముగించండి.

పిల్లలు తొందరపడేది ఆ ఫ్రాపింగ్ దగ్గరే. ముందు వేసిన చుట్లు కర్రల్ని పట్టుకుంటాయంతే. వాటిని మధ్యలో నొక్కి బిగించేది ఫ్రాపింగ్. అది వదులైతే ముందు చుట్లు ఎన్ని వేసినా కర్ర కదులుతుంది. ఇద్దరు కలిసి కట్టండి, ఒకరు చుడుతుంటే ఇంకొకరు కర్ర పట్టుకోవాలి. రెండేసి అంగుళాల మందం కర్రలైతే కట్టుకు దాదాపు నాలుగు గజాల తాడు పడుతుంది. నైలాన్ తాడు జారుతుంది, జనపనార తాడో కొబ్బరి తాడో తీసుకోండి. వెదురైతే గణుపుకు కాస్త పైన కట్టండి. అప్పుడు కట్టు కిందికి దిగదు.

ఇక మంచె సంగతి. నాలుగు కర్రలతో చతురస్రం కట్టి పక్క నుంచి తోసి చూడండి, ఒరిగిపోతుంది. కట్టు ఎంత బిగించినా అంతే. మూల నుంచి మూలకు ఒక కర్ర వేస్తే త్రిభుజాలు ఏర్పడతాయి, ఇక ఒరగదు. అందుకే మంచె కాళ్ల మధ్య ఐమూలగా రెండు కర్రలు వేస్తారు. అవి కలిసే చోట కర్రల మధ్య సందు ఉంటుంది కాబట్టి అక్కడ డయాగొనల్ లాషింగ్, అంటే ఐమూలగా దాటే కర్రల్ని కట్టే కట్టు వేయాలి. దాన్ని టింబర్ హిచ్‌తో (తాడును కర్రల చుట్టూ తిప్పి, కొసను ఆ తాడుకే రెండు మూడుసార్లు మెలివేసే ముడి) మొదలుపెట్టి, ముందు ఆ రెండు కర్రల్నీ దగ్గరకు లాగాలి.

మాస్టారు ప్రతి కట్టూ ఊపి చూసేదాకా ఎవరూ ఎక్కకండి. పగిలిన వెదురును, నలిగిన తాడును ముందే పక్కన పెట్టేయండి. మీరు చిన్నవాళ్లు, మంచె మీ తల ఎత్తుకు మించకుండా ఉంటే చాలు.

క్యాంపు అయ్యాక తాళ్లు కోయకండి, ఓపికగా విప్పండి. తడిసినవి నీడలో ఆరబెట్టి చుట్టలు చుట్టి పెట్టండి. పాతిన గుంటలు పూడ్చేయండి. మీ గేటు బొమ్మ గీసి పంపితే, ఐమూల కర్రలు ఎక్కడెక్కడ వేశారో చూస్తాను.

మీ తాతయ్య