పచ్చసొన పారేసిన కాలం

2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. దానికి కొద్ది రోజుల ముందే హైదరాబాద్ బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిన్నవాళ్లు పలువురు ఆస్పత్రి పాలయ్యారు, ఒక మహిళ చనిపోయింది. మండీ పళ్లెంలో, షవర్మాలో ఆ తెల్లటి ముద్ద లేకపోతే ఎలా అని బాధపడ్డవాళ్లూ ఉన్నారు. మయోనైజ్ అంటే పచ్చి సొనలో నూనె పోస్తూ గిలక్కొట్టి, కాస్త నిమ్మరసమో వెనిగరో కలిపింది. పొయ్యి మీదికి ఎక్కదు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా పెంకు మీద అంటుకున్న రెట్టలోనే కాదు, కోడి అండాశయం నుంచి గుడ్డు లోపలికీ రావచ్చు. ఉడికిస్తే చస్తుంది. మన ఎండకు గంటల తరబడి బండి మీద డబ్బాలో ఉంటే మాత్రం పెరుగుతూ పోతుంది.

విచిత్రం ఏమిటంటే, అంతకుముందు దశాబ్దాల పాటు గుడ్డంటే ఈ ఊరికి ఉన్న భయం పూర్తిగా వేరు. అది కొలెస్ట్రాల్ భయం.

దాని మూలం చాలా దూరంలో ఉంది. 1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపించి, వాటి రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం చూపించాడు. కుందేలు ఆకులూ గడ్డీ తినే జీవి, దాని సహజమైన తిండిలో కొలెస్ట్రాల్ దాదాపు ఉండదు. మన శరీరం అలా కాదు. మనకు కావలసిన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తనే తయారు చేసుకుంటుంది, తిండిలో ఎక్కువ వస్తే చాలామందిలో ఆ తయారీ తగ్గుతుంది. ఆ తేడా తేలేలోపు మాట పాకిపోయింది. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ మించొద్దని, వారానికి మూడు పచ్చసొనలు చాలని చెప్పింది. ఒక్క సొనలోనే దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటుంది మరి. 2015లో అమెరికా ఆహార మార్గదర్శకాలు ఆ 300 అంకెను తీసేశాయి. ఇష్టమొచ్చినన్ని తినమని మాత్రం అనలేదు. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

అమెరికాలో అంకె పోయినా ఇక్కడ అలవాటు పోలేదు. సాయంత్రం పూట దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల వైపు ఉడికించిన గుడ్ల బండి దగ్గర కాసేపు నిలబడండి. తెల్లసొన తిని పచ్చసొన పడేసే జిమ్ కుర్రాళ్లు కనిపిస్తారు. గుడ్డులోని ప్రోటీన్‌లో ఐదింట రెండు వంతులు ఆ పచ్చసొనలోనే ఉంటుంది. ఎ, డి, బి12 విటమిన్లు, కోలిన్ అనే పోషకం కూడా అందులోవే. ప్రోటీన్ కోసమని డబ్బు పెట్టి కొని, ప్రోటీన్‌నే పారేయడం చూస్తే నవ్వొస్తుంది.

పచ్చసొనను అనుమానించిన అదే కాలంలో డాల్డా ఇంటింటా వాడాం. 1937లో వచ్చిన ఈ వనస్పతి నెయ్యికి చవక బదులు. నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచేటప్పుడు పుట్టే ట్రాన్స్‌ఫ్యాట్ గుండెకు గుడ్డు కంటే, మటన్ కొవ్వు కంటే చెడ్డదని తర్వాతెప్పుడో తేలింది. మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో దాని పరిమితిని 2 శాతానికి దించింది 2022 జనవరిలో. బేకరీ పఫ్‌లు అన్నేళ్లూ మనం ఏ భయమూ లేకుండా తిన్నాం.

డాల్డాను నెయ్యిలో కలిపితే పట్టుకోవడానికి ఒక తెలివైన ఏర్పాటు చేశారు. వనస్పతిలో కొంత నువ్వుల నూనె కలిపి తీరాలని చట్టం పెట్టారు. అలాంటి వనస్పతి కలిసిన నెయ్యిని ఆమ్లం, ఫర్‌ఫ్యురాల్ అనే రసాయనం వేసి కుదిపితే గులాబీ రంగు వచ్చి దొరికిపోతుంది. పశువుల కొవ్వు కలిపితే ఈ రంగు పరీక్ష పనికిరాదు, కొవ్వు ఆమ్లాల పాళ్లు యంత్రంతో లెక్కించాలి. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం వచ్చాకే ఇలాంటి పరీక్షల మాట మామూలు జనం నోట వినిపించింది. ఇక మటన్ కొవ్వు సంగతి. అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే. రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను తిండిలోని కొలెస్ట్రాల్ కంటే ఎక్కువగా పెంచేది ఇదే. కాబట్టి పొద్దున్నే పాయా, నిహారీ రోజూ లాగించేవాళ్లు గుడ్డును తిట్టడం న్యాయం కాదు.

కార్జం కథలో భయం కంటే మేలే ఎక్కువ. 1926లో బోస్టన్‌లో మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు ప్రాణాంతకమైన ఒక రక్తహీనత ఉన్నవాళ్లకు రోజూ కార్జం తినిపించి బతికించారు. అందుకు జార్జ్ విప్పల్ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి 1934లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఆ రోజుల్లో హార్వర్డ్‌లో ఉన్న మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు కూడా ఈ కార్జం సారం మీద పనిచేశాడు. తిన్నది పేగులు ఒంటబట్టించుకోలేని స్ప్రూ జబ్బు ఆయన అన్నదమ్ములు ఇద్దరిని బలి తీసుకుంది. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం కార్జం నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని వేరు చేసి, 1945లో కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ చికిత్సలో అదీ ఒక మందైంది.

విటమిన్ ఎ విషయంలో కార్జాన్ని మించింది లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. రేచీకటి మీద ఆ సంస్థ చేసిన పనే 1970లో దేశమంతా పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ చుక్కలు వేయడానికి దారి తీసింది. అయితే 100 గ్రాముల గొర్రె కార్జంలో దాదాపు 7,000 మైక్రోగ్రాముల విటమిన్ ఎ ఉంటుంది, పెద్దవాళ్లకు రోజుకు పరిమితి 3,000. అతిగా అందితే కడుపులో బిడ్డకు లోపాలు రావచ్చని 1990లో బ్రిటన్ గర్భిణులను కార్జం తినొద్దంది. నెల తప్పగానే కార్జం వండిపెట్టే మన పెద్దవాళ్లకు ఈ మాట చెప్పడం అంత తేలిక కాదు.

విషాలన్నీ కార్జంలోనే నిలవుంటాయని ఇంకో మాట ఉంది. అది విషాన్ని విరిచే అవయవం, గోదాము కాదు. కాకపోతే మందులిచ్చిన జీవాన్ని మందు ఒంట్లోంచి పోయే గడువు ఆగకుండా కోస్తే వాటి అవశేషాలు, ఇంకా కాడ్మియం లాంటి లోహాలు అక్కడ దొరుకుతాయి. కోళ్ల దాణాలో కలిపే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కేంద్రం 2019 జులైలో నిషేధించింది. కార్జపు జలగ (లివర్ ఫ్లూక్) అనే పురుగు పట్టిన గొర్రె కార్జాన్ని కబేళాలో డాక్టరు చూసి పక్కన పడేయాలి. సందు చివర రోడ్డు మీదే కోసే దుకాణంలో ఆ చూపు ఉండదు.

కార్జం వద్దన్న గర్భిణికి బస్తీ దవాఖానాలో ఎర్ర మాత్ర ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఆ ఫోలిక్ ఆమ్లం సుబ్బారావు బృందం కార్జంలోంచి తీసిందే.