వాక్‌త్రూలో ఏ జంతువును వదలాలి? జూ కట్టే ఆటలో అపోహలు - వాస్తవాలు

ప్లానెట్ జూ ఆడటం మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: సందర్శకులు లోపలికి నడిచి వెళ్లే ఆవరణ (వాక్‌త్రూ) కడితే అందులో ఏ జంతువును వదలాలి? ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని వాక్‌త్రూలు కట్టడమే. అందుకోసం అసలు జూలలో వీటిని ఎలా కడతారో కూడా శ్రద్ధగా చదువుతూ వచ్చాను. అవే అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి కాబట్టి నాకు తెలిసింది ఒకచోట పెడుతున్నాను.

ముందు ఒక తేడా చెప్పాలి. ఆటలో వాక్‌త్రూలు రెండు రకాలు. ఒకటి మామూలు ఆవరణ. కంచె వేసి, సందర్శకుల గేటు పెట్టి, లోపలికి దారి వేస్తాం. జంతువు ఆ దారి దాటుతుంది, దాని మీదే పడుకుంటుంది కూడా. రెండోది 2022లో ట్వైలైట్ ప్యాక్ అనే అదనపు భాగంతో వచ్చిన వాక్‌త్రూ ఎగ్జిబిట్. ఇది గబ్బిలాలు, సీతాకోకచిలుకల వంటి వాటి కోసం ఆటే కట్టి ఇచ్చే గది. ఈ రెండింటికీ జంతువును ఎంచుకునే పద్ధతి వేరు. చాలా అపోహలు ఈ రెండింటినీ కలిపేయడం వల్లే పుడుతున్నాయి.

అపోహ: శాకాహారి అయితే చాలు, జనం మధ్యలో వదిలేయొచ్చు.

వాస్తవం: తిండిని బట్టి ప్రమాదాన్ని అంచనా వేయలేం. నీటిగుర్రం తినేది గడ్డి, అయినా ఆఫ్రికాలో మనుషులకు అత్యంత ప్రమాదకరమైన పెద్ద జంతువుల్లో అదొకటి. కాసోవరీ అనే పెద్ద పక్షి ఎక్కువగా రాలిన పళ్లు తిని బతుకుతుంది. దాని కాలి లోపలి వేలికి ఉండే గోరు మాత్రం 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. జీబ్రా కరుస్తుంది, వెనక కాళ్లతో తంతుంది.

నేను వేసుకునే ప్రశ్న వేరు. మనిషి రెండడుగుల దూరంలోకి వస్తే ఈ జంతువు ఏం చేస్తుంది? పట్టించుకోకుండా తన పని తాను చేసుకోవచ్చు. లేచి పక్కకు తప్పుకోవచ్చు. లేదా ఎదురు తిరగొచ్చు. మొదటి రెండు రకాలే వాక్‌త్రూకు పనికొస్తాయి. రెండో రకానికైతే తప్పుకోవడానికి నిజంగా ఒక చోటు ఉండి తీరాలి. ఆ చోటు మనం కట్టకపోతే తప్పుకునే జంతువు కూడా ఎదురు తిరిగే జంతువుగా మారుతుంది. ఈ పోస్టులో మిగతాదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఆటలో ఇది తెలుసుకోవడం కష్టం కాదు. ఆటలోనే ఉండే జంతువుల సమాచార పుస్తకం జూపీడియాలో ప్రతి జంతువు పేజీలోనూ సందర్శకులు ఆవరణలోకి వెళ్లొచ్చా లేదా అన్నది రాసి ఉంటుంది. మనుషులంటే ఆ జాతికి బెరుకా, చొరవా, రెండూ కాదా అన్నది కూడా ఉంటుంది. మొదటి దానికి 'అవును' అని కనిపించగానే చాలామంది పేజీ మూసేస్తారు. రెండోది కూడా చదవండి. అనుమతి ఉండటం ఒక సంగతి, ఆ జంతువు అక్కడ హాయిగా ఉండటం ఇంకో సంగతి.

అపోహ: లేమర్లన్నీ ఒకటే. ఏ లేమర్‌ను పెట్టినా వాక్‌త్రూ అదిరిపోతుంది.

వాస్తవం: లేమర్లు మడగాస్కర్ దీవిలో ఉండే, కోతులకు దగ్గరి జంతువులు. వాటిలో రింగ్-టెయిల్డ్ లేమర్‌కు వాక్‌త్రూ జంతువుగా మంచి పేరు ఊరికే రాలేదు. లేమర్లలో నేల మీద ఎక్కువసేపు గడిపేది అదే. పగటిపూట చురుగ్గా ఉంటుంది, గుంపుగా తిరుగుతుంది. పొద్దున్నే పొట్ట ఎండకు పెట్టి, చేతులు చాచి కూర్చుంటుంది. మనిషి కంటి ఎత్తులో, వెలుతురులో, గుంపులో కనిపించే జంతువు దొరకడం అరుదు. లండన్ జూ 2015లో లేమర్ల మధ్య నడిచే ఆవరణను తెరిచినప్పుడు ఎంచుకున్నది వీటినే.

రెడ్ రఫ్డ్ లేమర్ అలా కాదు. మడగాస్కర్‌లోని మసోవాలా ద్వీపకల్పపు వర్షారణ్యం దాని ఇల్లు. ఎక్కువ సమయం చెట్ల పైనే ఉంటుంది, పళ్లు తింటుంది, గుంపంతా కలిసి గట్టిగా అరుస్తుంది. ఆటలో దీని దగ్గరికీ సందర్శకులు వెళ్లొచ్చు. కానీ రింగ్-టెయిల్డ్‌కు కట్టినట్టే కడితే దారి మీద జనం, పైన కొమ్మల్లో లేమర్లు, ఒకరికొకరు కనిపించరు. దీనికి నేను దారిని కొంచెం ఎత్తుకు తీసుకెళ్తాను. ఎక్కే కొయ్యలను దారికి అడ్డంగా, జనం తలల పైనుంచి పోయేలా కడతాను. లేమర్ కిందికి దిగాల్సిన పని లేకుండానే దగ్గరగా కనిపిస్తుంది. ఇష్టం లేకపోతే ఇంకా పైకి పోతుంది. నా దృష్టిలో ఈ ఆటలో కట్టగలిగే అందమైన వాక్‌త్రూ ఇదే. రింగ్-టెయిల్డ్ ఆవరణ కంటే పని ఎక్కువ పడుతుందని చాలామంది దీని జోలికి పోరు.

రెండింటికీ ఎక్కలేని కంచె తప్పనిసరి. దారి పక్కన చెట్లు నాటేటప్పుడు ఒక్కసారి కంచె వైపు కూడా చూసుకోండి. కంచెకు ఆనుకున్న కొమ్మ లేమర్‌కు నిచ్చెనే.

ఇంకో మాట. రింగ్-టెయిల్డ్ లేమర్ గుంపులో పెత్తనం ఆడవాటిది. ఉత్తరార్ధగోళంలోని జూలలో శరదృతువులో జత కట్టే కాలం వస్తుంది. మడగాస్కర్‌లో ఉన్నప్పటి లెక్క తలకిందులవుతుందన్నమాట. ఆ రోజుల్లో మగవి తోకలకు వాసన పూసుకుని ఒకదాని మీదికి ఒకటి విసురుకుంటాయి, గుంపులో ఉద్రిక్తత పెరుగుతుంది. అంటే ఏడాది పొడవునా ఒకేలా ఉండే జంతువులు కావివి. ఆటలో కూడా మగవాటి సంఖ్య మీద కన్నేసి ఉంచండి.

అపోహ: చిన్న జంతువు క్షేమం, పెద్ద జంతువు ప్రమాదం.

వాస్తవం: స్క్విరల్ కోతి బరువు సుమారు ఒక కిలో మాత్రమే. నెదర్లాండ్స్‌లో అపెల్డోర్న్ దగ్గర 1971లో తెరిచిన అపెన్‌హ్యుల్ జూలో ఇవి సందర్శకుల మధ్యే స్వేచ్ఛగా తిరుగుతాయి. అక్కడ సందర్శకుల సామాన్ల కోసం కోతులు తెరవలేని సంచులు ఇస్తారు. జంతువు చిన్నదే, చేతులు మాత్రం చురుకైనవి. ఆసియా స్మాల్-క్లాడ్ నీటిపిల్లి కూడా చూడటానికి బొమ్మలా ఉంటుంది. అది కుటుంబంగా బతుకుతుంది, తన చోటును, పిల్లలను గట్టిగా కాపాడుకుంటుంది. పీతల పెంకులు నమిలే పళ్లు దానివి. అద్దం వెనక నీటి కింద ఈదుతూ కనిపించినప్పుడే దాని అందం బయటపడుతుంది.

ఇప్పుడు అల్డాబ్రా రాక్షస తాబేలును చూడండి. మగది 250 కిలోల దాకా పెరుగుతుంది. అయినా మనుషుల మధ్య దానంత నిశ్చింతగా ఉండే జంతువు మరొకటి లేదు. రాక్షస తాబేళ్లలో ఒక అలవాటు ఉంది. మెడ కింద మెల్లగా గోకితే కాళ్లు నిటారుగా పెట్టి లేచి, మెడ బారుగా చాచి కదలకుండా నిలబడతాయి. అడవిలో చిన్న పక్షులు వచ్చి వాటి చర్మం మీది పురుగులను ఏరుకోవడానికి అలా నిలబడతాయి. ఇంకొక ప్రాణి దగ్గరికి రావడాన్ని ప్రమాదంగా కాక సేవగా చూసే అలవాటు దానికి తరతరాలుగా ఉంది. వాక్‌త్రూకు ఇంతకంటే అర్హత ఏం కావాలి?

తాబేలుతో ఉన్న చిక్కు దాని స్వభావంలో లేదు, చుట్టూ ఉన్న చలిలో ఉంది. అది సీషెల్స్ పగడపు దీవి జంతువు. చల్లటి ప్రాంతంలో జూ కడుతుంటే ఆవరణలో హీటర్ల కింద చోటు ముందే తీసి పెట్టాలి. దారి కూడా వెడల్పుగా ఉండాలి. దారికి అడ్డంగా తాబేలు పడుకుంటే జనం దాని పక్కనుంచి పోవాలి. అసలు జూలలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. సరీసృపాల మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు కాబట్టి ఆవరణ నుంచి బయటికి వచ్చేచోట చేతులు కడుక్కునే ఏర్పాటు పెడతారు. నేను ఆటలో కూడా గేటు పక్కన ఆ మూల కడతాను. ఆటకు దాంతో పనిలేదు. కానీ చూసేవాళ్లకు ఇది నిజమైన జూ అనిపించేది అలాంటి చోటే.

అపోహ: దారి ఆవరణ మధ్యలోంచి పోతేనే జనానికి అనుభవం, జూకు ఆదాయం.

వాస్తవం: వాక్‌త్రూలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మధ్యలోంచి దారి వేస్తే ఆవరణ రెండు ముక్కలవుతుంది. జంతువు ఏ మూలకు పోయినా జనం కళ్లు దాని మీదే ఉంటాయి. ఆటలో ఇది నేరుగా ఒత్తిడిగా కనిపిస్తుంది, ఒత్తిడి పెరిగితే సంక్షేమం పడిపోతుంది. అప్పుడు కొందరు జంతువును మారుస్తారు. మార్చాల్సింది దారిని.

దారిని ఒక అంచుకు తెచ్చి, ఒంపు తిప్పి, మొత్తం ఆవరణలో సగానికి పైగా జనం అడుగు పడని చోటుగా వదిలేయండి. గూడు తలుపు దారి వైపు కాకుండా అవతలి వైపుకు తిప్పండి. రాళ్లు, పొదలతో చూపును అక్కడక్కడా అడ్డుకోండి. కంగారూ, వాలబీల వాక్‌త్రూలు ఉన్న జూలలో సాధారణంగా ఇలాగే చేస్తారు. సందర్శకులు దారి దిగకూడదు, జంతువులు విశ్రాంతి తీసుకునే వైపుకు వాళ్లకు ప్రవేశం ఉండదు. అలా తప్పుకునే చోటు ఉన్న జంతువే ధైర్యంగా దారి దగ్గరికి వస్తుంది. చోటు ఎక్కువ ఇచ్చిన కొద్దీ అది ఎక్కువ కనిపిస్తుంది. నా ఆవరణల్లో మళ్లీ మళ్లీ గమనించింది ఇదే.

అపోహ: గబ్బిలం గబ్బిలమే, ఏదైనా చీకటి గదిలో పెడితే సరి.

ఈ అపోహ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే వాక్‌త్రూ ఎగ్జిబిట్లలో నాకు ఇష్టమైనవి గబ్బిలాలే. ఆటలో మొదట వచ్చింది ఈజిప్షియన్ ఫ్రూట్ బ్యాట్. అది గుహల్లో బతుకుతుంది. పళ్లు తినే గబ్బిలాల్లో చాలావాటికి ప్రతిధ్వనితో దారి వెతుక్కునే శక్తి లేదు. ఇది మాత్రం నాలుకతో చిటికెలాంటి శబ్దాలు చేసి, వాటి ప్రతిధ్వనితో చీకట్లో ఎగురుతుంది. నడిచే మనిషిని అది గుద్దుకుంటుందన్న భయం అక్కర్లేదు. దీనికి రాతి గోడలు, తక్కువ ఎత్తు కప్పు, మసక వెలుతురు బాగుంటాయి. అసలు జూలలో రాత్రి జంతువుల ఇళ్లలో లైట్లను తలకిందులు చేస్తారు. రాత్రి లైట్లు వేసి పగలు ఆర్పేస్తారు, దాంతో జనం వచ్చే సమయానికి జంతువులు మేల్కొంటాయి. ప్రవేశం దగ్గర ఒక మలుపు సొరంగం కట్టండి. మనిషి కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఆ కొద్ది దూరం చాలు.

తర్వాత ఓషియానియా ప్యాక్‌తో వచ్చిన స్పెక్టకిల్డ్ ఫ్లయింగ్ ఫాక్స్ కూడా గబ్బిలమే, కానీ పూర్తిగా వేరే ప్రాణి. ప్రతిధ్వని శక్తి లేదు, చూపు, వాసన మీద ఆధారపడుతుంది. గుహలో కాదు, చెట్ల కొమ్మలకు పగటి వెలుతురులోనే వేలాడుతుంది. దాన్ని గుహలాంటి గదిలో పెడితే చూసేవాళ్లకు తప్పు సంగతి నేర్పినట్టే. చుట్టూ ఎత్తయిన చెట్లు, పైనుంచి వెలుతురు ఉండాలి. వేడి విషయంలో ఇది ఎంత సున్నితమో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2018 నవంబర్‌లో ఆస్ట్రేలియాలోని కెయిన్స్ ప్రాంతంలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటినప్పుడు సుమారు 23,000 స్పెక్టకిల్డ్ ఫ్లయింగ్ ఫాక్స్‌లు చనిపోయాయి. ఆ దేశంలో ఉన్న ఆ జాతిలో అది దాదాపు మూడో వంతు. ఎగ్జిబిట్‌లో ఉష్ణోగ్రత సెట్ చేసేటప్పుడు ఆ సంఖ్య గుర్తుంటే దాన్ని అలవాటుగా నొక్కి వదిలేయరు.

అపోహ: సీతాకోకచిలుకలకు పూలు ఉంటే చాలు.

వాస్తవం: 2022 డిసెంబర్‌లో గ్రాస్‌ల్యాండ్స్ ప్యాక్‌తో సీతాకోకచిలుకలు వచ్చాయి. జనం అన్నిటికంటే ముందు తీసుకునేది బ్లూ మార్ఫో, రంగు అలాంటిది. కానీ దాని నీలం రెక్కల పైవైపే ఉంటుంది. వాలి రెక్కలు ముడిస్తే గోధుమరంగు మీద కంటి చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. అది పూల దగ్గరికి పెద్దగా రాదు, మగ్గి పులిసిన పళ్ల రసం తాగుతుంది. కాబట్టి మార్ఫో గదిని పూలతో నింపడం కంటే, బయట అలంకరణలో పళ్ల పళ్లేలు, తడి నేల, పెద్ద ఆకుల మొక్కలు పెడితే సహజంగా ఉంటుంది. మోనార్క్‌కైతే పూలు కావాలి. దాని గొంగళిపురుగు మాత్రం జిల్లేడు కుటుంబానికి చెందిన మిల్క్‌వీడ్ ఆకులే తింటుంది.

అసలు సీతాకోకచిలుకల ఇళ్లలో గాలి వెచ్చగా, బాగా తేమగా ఉంటుంది. రెండు తలుపుల మధ్య చిన్న గది ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు బట్టల మీద ఏదైనా వాలిందేమో చూసుకోవడానికి అద్దం పెడతారు. చాలా జాతులు పెద్దయ్యాక బతికేది కొన్ని వారాలే కాబట్టి ఫారాల నుంచి ప్యూపాలను (సీతాకోకచిలుక బయటికి వచ్చే ముందు ఉండే గూళ్లను) తెప్పిస్తూనే ఉంటారు. ఆటలో మీకు ఎదురయ్యేది దీనికి ఉల్టా: అవి వేగంగా పిల్లలు పెడతాయి, గది నిండిపోతుంది. సంతతిని అదుపులో పెట్టే వీలు ఉంటే మొదట్లోనే వాడండి, తర్వాత ఒక్కొక్కటీ తీయడం చాలా విసుగు పని.

అపోహ: పక్షులకు మనుషులతో ఇబ్బంది ఉండదు.

నెమలి విషయంలో ఇది దాదాపు నిజం. చాలా జూలలో నెమళ్లను దారుల మీదే వదిలేస్తారు, ఆటలో కూడా వాక్‌త్రూకు చక్కగా కుదురుతుంది. ఫ్లెమింగో మాత్రం వేరు. అది బెదిరే పక్షి. పెద్ద గుంపు ఉంటే తప్ప గూడు కట్టే ఉత్సాహం దానికి రాదు. గుంపు పెద్దదని అనిపించడానికి కొన్ని జూలు అద్దాలు పెట్టడం కూడా చేశాయి. ఫ్లెమింగోలకు దగ్గరగా జనాన్ని తీసుకెళ్లాలనుకుంటే దారికీ, గూళ్లు కట్టే మట్టిదిబ్బకూ మధ్య కనీసం ఒక వెడల్పాటి నీటి పట్టీ వదలండి. మోకాలి లోతు చాలు, జనం దాటకుండా ఒక తాడు కట్టండి. మట్టిదిబ్బ వెనక వైపు మాత్రం దారి ఏదీ వేయకండి.