వాన లేని నేల మీద నీటి గుర్తులు

లేహ్‌లో ఏడాది పొడుగునా కురిసిన వానా, మంచూ కలిపి కొలిస్తే 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. జానెడు కూడా కాదు, జానెడులో సగం. లద్దాఖ్‌ను శీతల ఎడారి అనేది అందుకే. అయినా లేహ్ దగ్గర సింధు లోయలో నిలబడి నాలుగు వైపులా చూస్తే కంటికి ఆనేదంతా నీరు చేసిన పనే. ఎదురుగా ఉన్న ఊదారంగు కొండ ఒకప్పుడు నది మోసుకొచ్చి పోసిన గులకరాళ్ల కుప్ప. ఇంకా దక్షిణానికి పోతే తగిలే సున్నపురాయి కొండలు ఒకనాటి సముద్రపు అడుగు. కాళ్ల కింద ఉన్నది వాగు తెచ్చి పరిచిన ఒండ్రు. ఇంత పొడి నేల మీద ఇన్ని నీటి గుర్తులు ఎలా పడ్డాయన్నది, లద్దాఖ్ భౌగోళికంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న.

ముందు ఈ నేల అమరిక చూద్దాం. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఇంచుమించు సమాంతరంగా సాగే కొండల వరసలు ఇవి. దక్షిణాన మహా హిమాలయాలు, తర్వాత జన్‌స్కార్ శ్రేణి, తర్వాత లద్దాఖ్ శ్రేణి, అన్నిటికీ ఉత్తరాన కారకోరం. జన్‌స్కార్, లద్దాఖ్ శ్రేణుల నడుమ సింధు నది, లద్దాఖ్ శ్రేణికీ కారకోరానికీ నడుమ ష్యోక్, నుబ్రా నదులు పారతాయి. ఒక లోయలోంచి ఇంకో లోయలోకి పోవాలంటే కొండ కనుమ ఎక్కి దిగాల్సిందే. కనుమను అక్కడి భాషలో ‘లా’ అంటారు. లద్దాఖ్ అన్న పేరుకే కనుమల దేశం అని అర్థం. తూర్పుకు వెళ్లే కొద్దీ లోయలు వెడల్పై, కొండలు పొట్టివై, నేల 4,500 మీటర్ల ఎత్తున చదునుగా పరుచుకుంటుంది. అది చాంగ్‌తాంగ్. అక్కడ మొదలైన పీఠభూమి సరిహద్దు దాటి టిబెట్‌లోకి అలాగే సాగిపోతుంది.

వాన ఎందుకు రాదో చెప్పడం తేలిక. నైరుతి రుతుపవనాలు హిమాలయాల దక్షిణపు వాలు ఎక్కే కొద్దీ చల్లబడి, మోసుకొచ్చిన తేమలో చాలా భాగం అక్కడే కురిపించేస్తాయి. శిఖరాలు దాటి ఇవతలికి దిగేటప్పుడు గాలి మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి మిగిలిన కాస్త తేమా మేఘం కట్టదు. చలికాలంలో మాత్రం మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు మంచు తెస్తాయి. ఆ మంచు కూడా పడమటి అంచునున్న ద్రాస్‌లో, జన్‌స్కార్‌లో దండిగా పడుతుంది. లేహ్ చేరేసరికి తగ్గిపోతుంది, చాంగ్‌తాంగ్‌లో ఇంకా తక్కువ.

ఇక సముద్రం సంగతి. భారత ఉపఖండం ఒకప్పుడు ఆసియాకు దూరంగా దక్షిణాన ఉండేది. రెంటి మధ్యా ఉన్న సముద్రానికి భూగర్భ శాస్త్రజ్ఞులు టెథిస్ అని పేరు పెట్టారు. ఉపఖండాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క, అంటే భారత పలక, ఉత్తరానికి జరిగే కొద్దీ ఆ సముద్రపు అడుగు ఆసియా కిందికి కుంగిపోతూ వచ్చింది. కుంగిన చోట లోతున రాయి కరిగి శిలాద్రవం పుట్టింది. అందులో కొంత అగ్నిపర్వతాలుగా పైకి వచ్చింది, చాలా భాగం లోపలే నెమ్మదిగా చల్లారి గ్రానైట్ అయింది. లేహ్‌కు ఉత్తరాన ఖర్దుంగ్ లా వైపు రోడ్డు ఎక్కుతుంటే పక్కన కనిపించే లేత బూడిదరంగు బండలు అవే. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట రెండు భూఖండాలూ గుద్దుకున్నాయి, నడుమ సముద్రం మూసుకుపోయింది.

ఆ అతుకు వెంటే ఇప్పుడు సింధు నది చాలా దూరం పారుతోంది. రెండు గుడ్డ ముక్కలు కలిపి కుట్టినచోట కుట్టు కనిపించినట్టు, లద్దాఖ్‌లో రెండు భూఖండాలు కలిసిన గీత పైకే కనిపిస్తుంది. భూమ్మీద చాలాచోట్ల ఇలాంటి అతుకుల్ని అడవో మట్టో కప్పేసి ఉంటుంది. ఇక్కడ చెట్టూ చేమా లేకపోవడంతో ఏ రాయి ఎక్కడ ఆగి ఏ రాయి మొదలైందో దూరం నుంచే రంగును బట్టి చెప్పవచ్చు. భూగర్భ శాస్త్రజ్ఞులు లద్దాఖ్‌కు మళ్లీ మళ్లీ వెళ్లడానికి ఇదొక పెద్ద కారణం. తూర్పున నిదర్ దగ్గర సముద్రపు అడుగు ముక్కే నల్లగా, ముదురాకుపచ్చగా కొండలా లేచి నిలబడి ఉంది. జన్‌స్కార్ సున్నపురాళ్లలో సముద్ర జీవుల గుల్లలు రాయిగా మారి దొరుకుతాయి. సముద్రం పోయాక, కొత్తగా లేస్తున్న కొండల్ని నదులు కోసి తెచ్చి ఆ పల్లంలో పోసిన ఇసుకా గులకరాళ్లూ గట్టిపడి, తర్వాత ఒత్తిడికి మడతపడి నిట్టనిలువుగా లేచాయి. నేను మొదట చెప్పిన ఊదారంగు కొండ అదే.

గుద్దుకోవడం ఇంకా ఆగలేదు. భారత పలక ఇప్పటికీ ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూనే ఉంది. కొండలు లేస్తున్నా నదులు ఊరుకోలేదు. జన్‌స్కార్ నది తన పేరే ఉన్న శ్రేణిని అడ్డంగా కోసుకుంటూ, నిలువు గోడల్లాంటి ఇరుకు సందులోంచి వచ్చి నిమ్మూ దగ్గర సింధులో కలుస్తుంది. చలికాలంలో ఆ సందులో నీటి పైభాగం గడ్డకట్టి బాటగా మారేది. రోడ్డు లేని రోజుల్లో జన్‌స్కార్ జనం చలికాలంలో లేహ్‌కు రావడానికి ఆ మంచుబాటే దారి. దాన్ని చాదర్ అంటారు. దుప్పటి అని అర్థం.

రాయిని పిండి చేసే పని ఇక్కడ గడ్డకట్టే నీటిది. గడ్డకట్టినప్పుడు నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. పగలు ఎండకు కరిగి బండ పగుళ్లలోకి దిగిన నీరు రాత్రి గడ్డకట్టి పగులును ఇంకాస్త తెరుస్తుంది. గాలి పలచగా, పొడిగా ఉండటంతో పగలు ఎండ చురుక్కుమంటుంది, సూర్యుడు కొండ వెనక్కి జరగగానే వేడి నిలవకుండా పోతుంది. ఈ ఆట ఏళ్ల తరబడి సాగి, కొండ వాలులన్నీ వదులు రాళ్లతో నిండిపోయాయి. వాటిని కిందికి దించడానికి అప్పుడప్పుడూ ఒక్క గట్టి వాన చాలు.

దించిన రాళ్లు ఎక్కడికి పోతాయి? ఇరుకు లోయలోంచి బయటపడగానే వాగుకు పరుచుకోవడానికి చోటు దొరుకుతుంది, వేగం పోతుంది. మోస్తున్న బరువంతా అక్కడే వదిలేస్తుంది. పెద్ద బండలు పైన, గులకరాళ్లు నడుమ, సన్నని మట్టి కింద. ఏళ్లు గడిచే కొద్దీ ఆ మేట విసనకర్ర విప్పినట్టు పరుచుకుంటుంది. లద్దాఖ్‌లో పచ్చదనం కనిపించే ప్రతిచోటా ఇంచుమించు ఇదే కథ. సాగుకు పనికొచ్చే మట్టి, పైనుంచి దిగే వాగు, కాలువలు పారడానికి చాలినంత వాలు, మూడూ ఒకేచోట దొరికేది ఈ విసనకర్రల మీదే. లేహ్ పట్టణం ఉన్నది కూడా అలాంటి మేట మీదే.

అయితే ఆ మేటను పోసింది బురద వరదలే అన్న సంగతి మరిచిపోకూడదు. 2010 ఆగస్టు 5 రాత్రి రుతుపవనాల తేమ కొండలు దాటి వచ్చి లేహ్ చుట్టుపక్కల కుండపోతగా కురిసింది. వాన పడింది కొద్దిసేపే. పైనున్న వదులు రాళ్లూ మట్టీ నీటితో కలిసి చిక్కటి బురదై పాత వాగుల దారుల్లోనే దిగి వచ్చాయి. 200 మందికి పైగా చనిపోయారు. లేహ్‌కు దిగువనున్న చోగ్లమ్‌సర్‌లో నష్టం ఘోరం. ఎండిపోయి కనిపించే వాగు గర్భాన్ని ఖాళీ జాగా అనుకోవడం ఈ నేల మీద ఎంత ప్రమాదమో ఆ రాత్రి తెలిసింది. పాత ఇళ్లు చాలావరకు బండ మీదే కట్టి ఉంటాయి. మట్టిని పొలాలకు వదిలి, పంటకు పనికిరాని రాతి గుట్ట మీద ఇల్లు కట్టుకోవడం పొదుపే కాదు, రక్షణ కూడా.

లేహ్ నుంచి కార్గిల్ వెళ్లే దారిలో లామాయురు దగ్గర ఒకచోట కొండ వాలంతా పసుప్పచ్చగా, మైనం కారి గట్టిపడినట్టు ఉంటుంది. యాత్రికులు దాన్ని చంద్రమండలం అంటారు. నిజానికి అది సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి మట్టి. వేల ఏళ్ల కిందట లోయకు అడ్డుకట్ట పడి నీరు నిలిచింది, ఆ నీటి అడుగున పొర మీద పొరగా మట్టి దిగింది, తర్వాత కట్ట తెగి సరస్సు ఖాళీ అయింది. అక్కడి మఠం వాళ్లు చెప్పుకునే కథలోనూ ఆ లోయ ఒకప్పుడు సరస్సే. నరోపా అనే సిద్ధుడు కొండను చీల్చి నీటిని బయటికి పంపాడంటారు. భూగర్భ శాస్త్రం పుట్టకముందే ఆ మట్టిని చూసి అది నీటి కింద పుట్టిందని ఎవరో పోల్చుకున్నారన్నమాట. ఆ చూపు నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

చాంగ్‌తాంగ్ సరస్సులు మాత్రం ఇంకా బతికే ఉన్నాయి, కానీ కుంచించుకుపోయి. పాంగాంగ్ 130 కిలోమీటర్లకు పైగా పొడవుంటుంది, వెడల్పు చాలాచోట్ల అయిదు కిలోమీటర్లు కూడా ఉండదు. పడమటి కొస భారత్ వైపు ఉంది, మిగతాది చైనా అధీనంలో. వాస్తవాధీన రేఖ సరస్సు మీదుగానే పోతుంది. పూర్వం ఈ సరస్సు పొంగి తాంగ్‌త్సే లోయ మీదుగా ష్యోక్ నదిలోకి పారేది. వాతావరణం ఎండిపోయి నీటిమట్టం తగ్గడంతో ఆ దారి తెగిపోయింది. ఇప్పుడు వచ్చే నీటికి ఆవిరి కావడం తప్ప వేరే దారి లేదు. ఆవిరైన నీరు ఉప్పును తీసుకుపోదు కాబట్టి సరస్సు ఉప్పగా మారింది. త్సో కార్‌లో ఇది మరీ స్పష్టం. పేరుకు అర్థమే తెల్ల సరస్సు. ఒడ్డున ఉప్పు తెల్లగా మేటవేసి ఉంటుంది, చాంగ్‌పా పశుపోషకులు ఒకప్పుడు దాన్ని తవ్వి తీసుకెళ్లి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. దాని పక్కనే స్టార్ట్‌సాపుక్ అనే చిన్న మంచినీటి సరస్సు ఉంది. చిన్న సరస్సు నీరు పెద్దదాంట్లోకి పారుతుంది. బయటికి దారి ఉన్న నీరు తియ్యగా, దారి లేని నీరు ఉప్పగా పక్కపక్కనే కనిపిస్తాయి. చుట్టూ కొండ వాలుల మీద, ఇప్పటి నీటిమట్టానికి చాలా పైన, పాత ఒడ్డుల గీతలు మెట్లలా మిగిలి ఉన్నాయి.

అక్కడికి దగ్గర్లోనే పూగా లోయలో నేలలోంచి వేడినీళ్లు ఉబుకుతాయి. కిందికి ఇంకిన నీరే లోతున వేడెక్కి మళ్లీ పైకి వస్తోంది. వస్తూ గంధకాన్నీ టంకణాన్నీ (బోరాక్స్) తెచ్చి నేల మీద తెల్లగా, పచ్చగా పూస్తోంది. కొన్ని ఊటల వేడి 84 డిగ్రీలు. సుమారు 4,400 మీటర్ల ఎత్తున నీరు మరిగేది ఇంచుమించు ఆ వేడికే.

నీటి ఆవిరి లేకపోవడం కూడా ఒక్కోసారి వరమే. చాంగ్‌తాంగ్‌లోనే ఉన్న హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల టెలిస్కోపు అక్కడ ఉండటానికి ఒక కారణం అదే. ఆకాశం నుంచి వచ్చే, కంటికి కనిపించని పరారుణ కిరణాలను గాలిలోని తేమ మింగేస్తుంది. అక్కడ మింగడానికి తేమ చాలా తక్కువ.

ఉత్తరాన నుబ్రా వైపు కథ వేరు. అక్కడ నీరు చాలానే ఉంది, గడ్డగా. 70 కిలోమీటర్లకు పైగా పొడవున్న సియాచిన్ హిమానీనదం కరిగిన నీరే నుబ్రా నది. ష్యోక్ నది రిమో హిమానీనదంలో పుట్టి ఆగ్నేయానికి పారి, హఠాత్తుగా వెనక్కి తిరిగి వాయవ్యానికి పోతుంది. ఎగువన చోంగ్ కుమ్‌దాన్ అనే హిమానీనదం ముందుకు జరిగి ఈ నదికి అడ్డుకట్టగా నిలిచిన సందర్భాలున్నాయి. 1929 ఆగస్టులో ఆ మంచుకట్ట తెగింది. వందల కిలోమీటర్ల దిగువన, ఇప్పటి పాకిస్తాన్‌లోని అటక్ దగ్గర కూడా సింధు నది పొంగింది. చలికాలంలో ష్యోక్ తగ్గిపోయినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి లేపి హుందర్ దగ్గర దిబ్బలుగా పోస్తుంది. ఎడారి ఇసుకలా కనిపించే అది కూడా నది తెచ్చిందే.

సింధు పక్కనున్న ఊళ్లకు మాత్రం అంత పెద్ద హిమానీనదాల అండ లేదు. పక్కనే సింధు పారుతున్నా అది ఊరికంటే లోతున ఉంటుంది, పొలాలకు ఎక్కదు. వాటి ఆధారమల్లా పైన 5,000 మీటర్లు దాటాక ఉండే చిన్న చిన్న మంచుగడ్డలే. అవి తగ్గిపోతున్నాయి. అంతకన్నా పెద్ద చిక్కు వేళది. బార్లీ, గోధుమ విత్తాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. అంత ఎత్తున మంచు గట్టిగా కరగడం మొదలయ్యేది జూన్‌లో. చలికాలమంతా ఎవరికీ పనికిరాకుండా పారిపోయే సన్నటి నీటిని ఊరికి దగ్గర్లో గడ్డకట్టించి దాచవచ్చని చెవాంగ్ నోర్ఫెల్ అనే సివిల్ ఇంజినీర్ 1980ల చివర్లో చేసి చూపించారు. ఊరికి దగ్గరైతే ఎత్తు తక్కువ, ముందే కరుగుతుంది. 2013–14 చలికాలం నుంచి లద్దాఖ్‌కే చెందిన ఇంజినీర్ సోనమ్ వాంగ్‌చుక్ బృందం అదే పనిని నిలువుగా చేసింది. పైనుంచి గొట్టంలో తెచ్చిన నీటిని చలిరాత్రుల్లో గాల్లోకి చిమ్మితే అది గడ్డకట్టి శంఖువులా పెరుగుతుంది. పరిచిన మంచుకంటే ఆ ఆకారానికి ఎండ తగిలే చోటు తక్కువ, అందుకని వసంతం ముదిరే దాకా నిలుస్తుంది.

మంచునీటి వాగుకు ఒక రోజువారీ లయ ఉంటుంది. తెల్లవారుజామున అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత పలచగా పారుతుంది. పగలంతా పైన కరిగిన నీరు దిగివచ్చేసరికి సాయంత్రమవుతుంది, అప్పుడు ఉరకలేస్తుంది. పొలంలో పని చేసుకునేది పగలు, నీరు వచ్చేది చీకటి పడుతుండగా. ఈ తేడాను సరిచేయడానికి ఊరికి పైన చిన్న చెరువు తవ్వుతారు, దాన్ని జింగ్ అంటారు. వాగు నుంచి యురా అనే కాలువ దానిలోకి పారుతుంది. ఏ పొలానికి ఎప్పుడు ఎంతసేపు పారించాలో చూసే నీరుగంటిని చుర్‌పోన్ అంటారు, ఆ మనిషిని ఊరే ఎంచుకుంటుంది. రాత్రంతా జింగ్ నిండుతుంది. పొద్దున్నే తూముకు కుక్కిన అడ్డు తీస్తే, నిన్న మధ్యాహ్నం 5,000 మీటర్ల పైన మంచుగా ఉన్న నీరు బార్లీ మడిలోకి దిగుతుంది.